అందరం ఉన్నాం

ఆ ఆదివారం డయాలసిస్ సెంటర్లో మనుషులకు బదులు దిండ్లు కూర్చున్నాయి. పదహారు కుర్చీల్లో పదహారు దిండ్లు. వాటికి రక్తం ట్యూబులు తగిలించి, చెయ్యి ఉండాల్సిన చోట టేపుతో అంటించారు. కెస్లర్ అలాగే కావాలన్నాడట. ఆయన షెరీఫు ఆఫీసులో చాలాకాలం పనిచేసి రిటైరైన మనిషి. ఎవడైనా తుపాకీ పట్టుకుని లోపలికొస్తే ఏం చెయ్యాలో ఇప్పుడు ఆస్పత్రులూ స్కూళ్లూ తిరిగి నేర్పుతున్నాడు. పోయిన నెల ఇంకో రాష్ట్రంలో, ఇదే కంపెనీ నడిపే సెంటర్లోకి ఒకడు వచ్చి కాల్చాడు. నర్సు ఒకావిడ పోయింది. అప్పట్నుంచి అన్ని సెంటర్లలోనూ ఈ శిక్షణ తప్పనిసరి చేశారు.

"మూడే మాటలు," అన్నాడు కెస్లర్, కాఫీ కప్పు నర్సుల బల్ల మీద పెట్టి. "పరుగెత్తు. కుదరకపోతే దాక్కో. అదీ కుదరకపోతే తిరగబడు. నాలుగో మాట లేదు. నాలుగో మాట ఉందనుకున్నవాళ్ల శవాల దగ్గర నేను నిలబడ్డాను."

కెస్లర్ రెండు చెక్క పలకలు తీసి ఠపీమని కొట్టాడు. ఆ చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చింది. అందరూ సామాన్ల గది పక్కనున్న వెనక తలుపు వైపు పరుగెత్తారు. మేనేజరు మెరెడిత్ ముందు నడిచి తలుపు తీసి పట్టుకుంది.

డొరీన్ హాచర్ ఒక్కతే కదల్లేదు. ఆమె ఆరో నంబరు కుర్చీ దగ్గర నిలబడి ఉంది. పలకల చప్పుడు వినగానే ఆమె చేతులు ట్యూబుల మీదికి పోయాయి. ట్యూబును నొక్కి మూసే క్లాంపులు సూది వైపు రెండు, మిషను వైపు రెండు. నాలుగూ టిక్కుటిక్కుమని బిగించి, మధ్యలో ఉన్న మరలు విప్పి, దిండును మిషను నుంచి విడదీసింది. ఏళ్ల తరబడి టెక్నీషియన్‌గా చేస్తున్న చేతులు అవి. వాటికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడో కుర్చీ వైపు తిరిగేసరికి, కెస్లర్ ఆమె భుజం మీద ఎర్ర స్టిక్కరు ఒకటి అంటించాడు.

"నువ్వు పోయావమ్మా," అన్నాడు.

బయటికి పరుగెత్తినవాళ్లు తిరిగొచ్చి నవ్వుతూ చూస్తున్నారు. "డొరీన్, నీ లాకర్లో చాక్లెట్లు ఇక నావే," అన్నాడు కోరీ. అతను కిందటేడు చేరిన టెక్నీషియన్. సూది గుచ్చితే సగంసార్లు నరం తప్పుతుంది.

"నీకు ఆ చాక్లెట్లన్నా దొరుకుతాయా, గురి చూసుకుని తియ్యి," అంది డొరీన్. తర్వాత కెస్లర్ వైపు తిరిగింది. "ఇది దిండు కాదండీ. ఈ కుర్చీ మిస్టర్ టాకెట్‌ది. ఆయన లేచి పరుగెత్తలేడు. రక్తం ఒంట్లోంచి ఈ మిషన్లోకి, ఇందులోంచి ఒంట్లోకి తిరుగుతూ ఉంటుంది. క్లాంపులు వెయ్యకుండా లాక్కున్నాడంటే ఆ గుమ్మం దాటకముందే పడిపోతాడు."

"నాకు తెలుసు," అన్నాడు కెస్లర్. గొంతులో ఎగతాళి లేదు. "అందరికీ నువ్వు ఇదంతా చేసేలోపు ఆ తుపాకీవాడు నిన్ను దాటుకుని వెళ్లిపోతాడు. అప్పుడు వాళ్లూ ఉండరు, నువ్వూ ఉండవు. నువ్వు బతికుంటే పోలీసులొచ్చాక లోపలికెళ్లి మిగిలినవాళ్లని చూసుకోవచ్చు. చేదుగానే ఉంటుంది. నేను తియ్యగా చెప్పడానికి రాలేదు."

"మరి ఈ సంగతి పేషెంట్లకి ఎవరు చెప్తారు?"

"వాళ్లకి చెప్పాల్సిందేం లేదు," అంది మెరెడిత్. "ఇది స్టాఫు కోసం."

మళ్లీ చేయించారు. ఈసారి పలకలు కొట్టగానే డొరీన్ కూడా పరుగెత్తింది. కోరీని దాటుకుని రెండో మనిషిగా తలుపు చేరింది.

"చూశారా," అన్నాడు కెస్లర్ మిగతావాళ్లతో. "వస్తుంది. కాళ్లకి నేర్పాలి, అంతే."

సోమవారం ఇంకా తెల్లవారకముందే కౌంటీ వ్యాను మొదటి షిఫ్టు పేషెంట్లను దింపింది. వర్జిల్ టాకెట్ మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు బూట్లకు అంటుకుని ఉండగానే లోపలికొచ్చి, బరువు చూసుకుని, ఆరో నంబరు కుర్చీలో కూలబడ్డాడు. వయసులో ఉన్నప్పుడు ఒహాయో నది మీద బొగ్గు పడవలకు తాళ్లు కట్టిన మనిషి. భుజాల్లో ఆ వెడల్పు ఇంకా ఉంది. దాని కింద ఒళ్లు మాత్రం తగ్గిపోయింది.

డొరీన్ అతని ఎడమచేతిని తువ్వాలు మీద పెట్టుకుని, నరం ఉబ్బిన చోట రెండు వేళ్లు ఆనించింది. లోపల రక్తం జుమ్మని కొట్టుకోవడం వేళ్లకు తెలిసింది.

"పాడుతోందా?" అన్నాడు వర్జిల్.

"పాడుతోంది. శ్రుతి లేదు."

"నీకు సంగీతం తెలిస్తే కదా, పిల్లా."

రెండు సూదులూ ఒక్కోసారికే దిగాయి. ట్యూబులను ఎప్పటిలాగే నడవ వైపు తిప్పి టేపు వేసింది. అటుగా వెళ్లే టెక్నీషియన్లకు క్లాంపులు అందేలా ట్యూబులు నడవ వైపే ఉండాలని అక్కడి పద్ధతి. దుప్పటి కప్పినా ఆ చెయ్యి మాత్రం బయటికి కనబడుతూ ఉండాలి. సూది జారితే ఎవరైనా చూడాలి కదా.

పక్కన ఏడో కుర్చీలో ఐడా ప్రూయిట్ ఊలు టోపీ చెవుల దాకా లాక్కుని వణుకుతోంది. బడిలో పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయాయి, చెంచా పట్టుకోవడమే కష్టం.

"రాత్రి కల్లో బంగాళాదుంపలు తిన్నాను," అంది ఐడా. "వెన్న వేసుకుని."

"ఎన్ని?" అంది డొరీన్. కిడ్నీలు పాడైనవాళ్లు బంగాళాదుంపలు తినకూడదు.

"అది డాక్టరుకి చెప్పకు. చాలానే తిన్నాను."

డొరీన్ నవ్వుతూ ఆమె చెయ్యి అందుకుంది. ఆలోపు వర్జిల్ తన కుర్చీ చేతి కింద ఏదో తడిమి, గోటితో గీకి బయటికి తీశాడు. ఎర్ర స్టిక్కరు. నిన్న డొరీన్ భుజం మీంచి తీసి ఎక్కడో అంటించి మరిచిపోయింది. దాని మీద 'మృతి' అని అచ్చువేసి ఉంది.

"ఇది నాకేనా?" అన్నాడు.

డొరీన్ ఐడా చేతి మీద మందు రాస్తూ ఆగిపోయింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుని ఉండొచ్చు. ఆమెకు అది చేతకాలేదు. నిన్న జరిగినదంతా చెప్పింది. దిండ్లు, పలకలు, మూడు మాటలు.

వర్జిల్ అంతా విని స్టిక్కరును మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అంటే మీరంతా ఆ వెనక తలుపులోంచి పోతారు."

"పొమ్మంటున్నారు."

"మేం?"

మిషను కీచుమంది. డొరీన్ దాని మీట నొక్కి నోరు మూయించింది.

"అడిగింది అర్థమైంది కదా," అన్నాడు వర్జిల్ మెల్లిగా. "నిన్ను తప్పు పట్టడం లేదు. ఆ పద్ధతిలో మేమెక్కడున్నాం అని అడుగుతున్నా."

"మీరు అందులో లేరు, మిస్టర్ టాకెట్."

ఐడా టోపీ కింద నుంచి అంది, "మా బడిలో మంటల డ్రిల్లు పెట్టినప్పుడు కూడా వంటింటివాళ్లని పిలవడం మరిచిపోయేవాళ్లు. మేం సూపు కలుపుతూనే ఉండేవాళ్లం."

వర్జిల్ నవ్వలేదు. కుడిచేతిని డొరీన్ ముందు చాచాడు. "ఈ చెయ్యి ఖాళీగానే ఉంది. దీనికి నేర్పు."

ఆమె సామాన్ల గదిలోంచి వాడని ట్యూబు ముక్క ఒకటి తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. సెంటర్లో చేరిన మొదటి రోజే ప్రతి పేషెంటుకూ మంటలొస్తే మిషను నుంచి ఎలా విడిపోవాలో ఒక కాగితం ఇస్తారు. అది చదివినవాళ్లను డొరీన్ ఇంతవరకూ చూడలేదు. ఆమె అతని బొటనవేలు పట్టుకుని క్లాంపు మీద పెట్టింది. "ముందు సూది వైపు. ఎరుపు, నీలం. తర్వాత మిషను వైపు. ఎరుపు, నీలం. నాలుగూ పడ్డాకే మర విప్పాలి. సూదులు చేతిలోనే ఉంటాయి, వాటి జోలికి పోకూడదు." మొదట్లో వేళ్లు జారాయి. తాళ్లతో ముళ్లు వేసిన వేళ్లు కావడంతో త్వరగానే పట్టుబడింది. షిఫ్టు అయ్యేసరికి కళ్లు మూసుకుని వేస్తున్నాడు.

ఐడాకూ ఇచ్చి చూసింది. ఆమె రెండు చేతులూ కలిపి నొక్కినా క్లాంపు మూసుకోలేదు.

"ఐడాని విసిగించకు," అన్నాడు వర్జిల్. "నాది అయ్యాక దానిది నేను చేస్తాను."

"ముసలాయన నన్ను లేపుకుపోతాడట," అంది ఐడా.

బుధవారం మెరెడిత్ డొరీన్‌ను ఆఫీసులోకి పిలిచి తలుపు వేసింది. వీళ్లిద్దరూ ఒకే ఏడాది ఈ సెంటర్లో చేరారు. ఒకప్పుడు ఒకే కారులో వచ్చేవాళ్లు.

"పన్నెండో నంబరు పేషెంటు కూతురు ఫోన్ చేసింది," అంది మెరెడిత్. "వాళ్లమ్మ రెండు రోజులుగా నిద్రపోవడం లేదట. ఇక్కడికి ఎవడో తుపాకీతో వస్తున్నాడనీ, మనం వదిలేసి పోతామనీ ఏడుస్తోందట."

"నేను ఆవిడకి చెప్పలేదు."

"నువ్వు టాకెట్‌కి చెప్పావు. టాకెట్ వ్యానులో చెప్పాడు. ఇప్పుడు ఊరంతా తెలుసు."

"అందులో ఏది అబద్ధం?"

మెరెడిత్ కళ్లజోడు తీసి ముక్కు మీద అచ్చులు పడిన చోట రుద్దుకుంది. "డొరీన్, ఎవరో ఒకరు ప్రాక్టీసు చేద్దామని మిషను మీద ఉండగానే ఒకటి విప్పేశారనుకో. రక్తమంతా నేల మీద ఉంటుంది. అప్పుడు జవాబు చెప్పాల్సింది నువ్వు కాదు, నేను. ఇకనుంచి ఎవరికీ నేర్పకు. ఇది మాటతో పోయే హెచ్చరిక కాదు, రాసి పెడుతున్నాను. ఇంకోసారైతే పని పోతుంది."

"వాడొస్తే నువ్వు ఏం చేస్తావు? నిజంగా అడుగుతున్నా."

"నాకు ఇద్దరు పిల్లలున్నారు," అంది మెరెడిత్. "నేను పరుగెత్తుతాను. ఆ మాట నీకు చెప్పడానికి నాకేం సిగ్గు లేదు."

"నేను పోను," అంది డొరీన్.

మెరెడిత్ కళ్లజోడు పెట్టుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది.

డొరీన్ బయటికొచ్చేసరికి ముఖం కందిపోయి ఉంది. చేతి తొడుగులు మార్చుకుని వర్జిల్ దగ్గరికెళ్లి, బీపీ పట్టీ సర్దుతూ వంగి చెప్పింది. "మీకు నేర్పొద్దన్నారు. సరే. నేర్పక్కర్లేదు కూడా. ఏమొచ్చినా నేను ఇక్కడే ఉంటాను. మీ క్లాంపులు నేనే వేస్తాను. మిమ్మల్ని వదిలి ఎక్కడికీ పోను."

"అలా అనకు, పిల్లా."

"అంటున్నా."

"ఎవరు అడిగారని? మాట ఇవ్వకు. ఇచ్చాక అది పట్టుకుని నేను కూర్చోవాలి."

"పట్టుకునే కూర్చోండి," అంది డొరీన్. ఆ మాటకు ఏడో కుర్చీలోంచి ఐడా వంకరవేళ్ల చెయ్యి చాచి ఆమె గౌను అంచు పట్టుకుంది. వెంటనే వదల్లేదు.

ఆ రోజంతా డొరీన్‌కు ఒళ్లు తేలికగా ఉంది. ఇంటికి పోతూ కారులో కెస్లర్‌కు చెప్పాల్సిన జవాబులు పైకే చెప్పుకుంది.

సెంటరు ఉన్న వరసలోనే పక్కన మూతపడిన చెప్పుల కొట్టు ఉంది. దాన్ని ఏదో వ్యాయామశాలగా మారుస్తున్నారు. శుక్రవారం పొద్దున్నే లారీ వచ్చి చెక్కలు దించింది. మొదటి షిఫ్టు సగంలో ఉంది. సగంమంది పేషెంట్లు నిద్రపోతున్నారు, మిగిలినవాళ్లు చిన్న టీవీల్లో వంటల కార్యక్రమం చూస్తున్నారు.

డొరీన్ ఐడా మిషనులో ఒత్తిడి చూస్తుండగా గోడ అవతల నుంచి చప్పుడొచ్చింది. ఠప్, ఠప్ఠప్, ఠప్. ఆమె తలెత్తింది. కోరీ కూడా తలెత్తాడు. అంతలో ముందు గదిలో బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి గొంతు మైకులో పగిలింది.

"తుపాకీ. ముందు గదిలో. లోపలికొస్తున్నాడు."

డొరీన్ చెయ్యి ఐడా ట్యూబు మీద ఉంది. ఎర్ర క్లాంపు బొటనవేలి కింద ఉంది. ఆ క్లాంపు గట్టిదనం, దాని మీది చిన్నచిన్న గాట్లు తర్వాత ఎన్ని రోజులకైనా ఆమె వేలికి గుర్తుంటాయి. నొక్కాలి. నొక్కితే ఒకటి అవుతుంది. ఇంకా మూడు. ఐడా ముఖం ఆమె వైపు తిరిగి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది.

వెనక తలుపు ఇనుప కమ్మీ చల్లగా అరచేతికి తగిలింది. తర్వాత కంకర. తర్వాత ఎండ కళ్లలో పడింది. చెత్తడబ్బాల వెనక కంచె దగ్గర ఎవరి వీపునో గుద్దుకుని ఆగింది. అది కోరీ వీపు. ఆమె ముఖానికి ప్లాస్టిక్ తొడుగు, చేతులకు రబ్బరు తొడుగులు అలాగే ఉన్నాయి. తొడుగు లోపల ఊపిరి ఆవిరై, చూపు మసకబారింది.

మెరెడిత్ అందరి భుజాలూ తడుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. ఒకసారి పెట్టి, మళ్లీ పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అందరం ఉన్నాం," అంది. "దేవుడి దయ. అందరం ఉన్నాం."

ఆ మాట అక్కడున్నవాళ్లలో ఎవరికీ తప్పుగా వినిపించలేదు. డొరీన్ కూడా తల ఊపింది. ఊపాక గానీ తాను ఊపినట్టు తెలియలేదు.

పోలీసులు రాకముందే సంగతి బయటపడింది. పక్క కొట్టులో చెక్కలు బిగిస్తున్న కుర్రాడొకడు, గాలితో మేకులు కొట్టే మిషను జారి, మేకు ఎడమ అరచేతిలో దించుకున్నాడు. పక్కనే వైద్యం బోర్డు కనబడితే, ఆ మిషను కుడిచేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. ముందు గదిలో అమ్మాయికి ఆ మిషనూ, చొక్కా నిండా రక్తమూ కనబడ్డాయి.

కెస్లర్ పద్ధతి ప్రకారం అందరూ చేతులు పైకెత్తి ఒకరి వెనక ఒకరు లోపలికెళ్లారు. మిషన్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి. చాలామంది కుర్చీల్లో ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. కొందరు దుప్పటి తల మీదుగా కప్పుకున్నారు. పన్నెండో నంబరావిడ దుప్పటి కింద నుంచి పాదాలు మాత్రం కనబడుతున్నాయి, ఒకదానికొకటి ఒత్తుకుని.

ఆరో కుర్చీ ఖాళీగా ఉంది. ఏడోదీ ఖాళీయే.

ఐడా గోడవారగా నేల మీద కూర్చుని ఉంది, సూదులున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఎవరో ఆమె భుజాల చుట్టూ దుప్పటి చుట్టారు. వర్జిల్ ఎనిమిదో కుర్చీ మీదకి వంగి, అప్పటికే విప్పేసిన ఆ పేషెంటు ట్యూబుల క్లాంపులు సరిచూస్తున్నాడు. అతని ఎడమచేతి నుంచి బిగించిన ట్యూబు ముక్కలు రెండు వేలాడుతున్నాయి. చెక్కపని కుర్రాడు వర్జిల్ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, మేకు దిగిన చేతిని వర్జిల్ తువ్వాలులో పట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఏడవకు నాయనా, చిన్న మేకే," అంటున్నాడు వర్జిల్ అతనితో. "ఇప్పుడు డాక్టర్లొస్తారు. బయటికెళ్లారు, వస్తారు."

డొరీన్‌ను చూసి అతను నడుము నిలబెట్టాడు. ఆమె ఏదో అనబోయింది. అతను తన ఎడమచెయ్యి ముందుకు చాపాడు.

"నాలుగూ సరిగ్గా వేశానా, చూడు," అన్నాడు.

ఆమె చూసింది. సూది వైపు ఎరుపు, నీలం. మిషను వైపు ఎరుపు, నీలం. సరిగ్గా ఉన్నాయి. ఐడావి కూడా.

"సరిగ్గా ఉన్నాయి," అంది.

"అయితే బాగా నేర్పావు."

అందులో వెటకారం ఉందేమోనని ఆమె అతని ముఖంలో వెతికింది. ఉంటే బాగుండేది.

కదలకుండా కూర్చున్నవాళ్లకు మిషన్లు మళ్లీ ఆడించారు. వాళ్లకేం నష్టం లేదు. విడిపోయిన ముగ్గురికీ మాత్రం మిషన్లో ఉన్న రక్తం తిరిగి ఎక్కించడానికి కుదరలేదు. మరలు విప్పాక ఆ ట్యూబులు శుభ్రమైనవి కావు. ముగ్గురివీ డొరీనే ఎర్రసంచిలో పడేసింది. ఒక్కొక్కరిదీ గ్లాసెడు రక్తం. ఐడాకు అసలే రక్తం తక్కువ. సంచి మూతి కట్టేటప్పుడు అది ఇంకా వెచ్చగానే ఉంది.

సోమవారం విశ్రాంతి గదిలో పిజ్జా డబ్బాలున్నాయి. వాటి పక్కన హెడ్డాఫీసు పంపిన పూలగుత్తి. ఒక్క నిమిషంలో స్టాఫంతా బయటపడ్డారనీ, ఈ సెంటర్ని మిగతావాటికి ఉదాహరణగా చూపించబోతున్నారనీ మెరెడిత్ చెప్పింది. కెస్లర్ ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడట. కోరీ నోట్లో ముక్కతో చప్పట్లు కొట్టాడు.

అందరూ పోయాక మెరెడిత్ డొరీన్‌ను ఆపింది.

"నీ హెచ్చరిక తీసేశాను," అంది. "శుక్రవారం నువ్వు చెయ్యాల్సిందే చేశావు."

"టాకెట్ సంగతి?"

"రక్తం పోయింది కదా. ముగ్గురిది. ఎందుకు పోయిందో రాయాలి. చెప్పిన మాట వినకుండా పేషెంటే సొంతంగా విప్పేశాడని, పక్కవాళ్లవీ విప్పాడని రాశాను. ఇంకోసారి చేస్తే వేరే సెంటరు చూసుకోమంటారు."

"వేరే సెంటరంటే నది దాటి పోవాలి. అంత దూరం వ్యాను పోదు."

"తెలుసు."

"ఆయనకి నేర్పింది నేను. నా పేరు రాయి."

"రాస్తే నీ పని పోతుంది. అప్పుడు ఆయనకి సూది ఎవరు గుచ్చుతారు? కోరీయా?" మెరెడిత్ మాటల్లో కాఠిన్యం లేదు. అలసట ఉంది. "రాయమంటే రాస్తాను, డొరీన్. ఇప్పుడే కూర్చుని రాస్తాను. చెప్పు."

డొరీన్ పిజ్జా డబ్బా మూతను చూస్తూ నిలబడింది. మూత లోపల నూనె మరక వ్యాపిస్తోంది. బుధవారం అయితే జవాబు నాలుక మీదే ఉండేది. మెరెడిత్ ఆగింది, ఇంకాస్త ఆగింది. తర్వాత ఆమె భుజం తట్టి వెళ్లిపోయింది.

వర్జిల్ తన టెక్నీషియన్ని మార్చమని అడుగుతాడని డొరీన్ అనుకుంది. పేషెంటుకు ఆ హక్కు ఉంది. ఆమె వెళ్లేసరికి అతను చొక్కా చెయ్యి మడిచి, తువ్వాలు పరుచుకుని సిద్ధంగా ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. ఆమె రెండు వేళ్లు నరం మీద ఆనించింది. జుమ్మని కొట్టుకుంటోంది. పాడుతోందా అని అతను అడగలేదు.

"మిస్టర్ టాకెట్, శుక్రవారం నేను—"

"నాకు రాసిన కాగితం ఇచ్చారు," అన్నాడు. "చదివాను. నీ పేరు లేదు. నాకు అదే నయమనిపించింది. నువ్వు పోతే మా చేతులు ఆ కుర్రాడి పాలవుతాయి."

"నేను ఉంటానన్నాను."

"అన్నావు."

సూదులు దిగాయి. మొదటిసారే దిగాయి రెండూ. ఆమె ట్యూబులు అందుకుని, ఎప్పటిలాగే నడవ వైపు తిప్పి, టేపు చించింది.

"అటు కాదు," అన్నాడు వర్జిల్. "ఇటు తిప్పు. నా కుడిచెయ్యి అందేలా."

టేపు ముక్క ఆమె వేలికి అంటుకుని ఆగింది. నడవ వైపు ఉండాలనేది పద్ధతి. అది ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఆమె ట్యూబులు అతని వైపు తిప్పి, క్లాంపులు నాలుగూ వరసగా అతని అరచేతి కిందికి వచ్చేలా సర్ది, టేపు వేసింది. అతను ఒక్కొక్కదాని మీదా బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. చాలన్నట్టు కళ్లు మూసుకున్నాడు.

ఆమె ఏడో కుర్చీ దగ్గరికెళ్లింది. ఐడా కూడా పాలిపోయి ఉంది. ఆ వేళ బంగాళాదుంపల మాట ఎత్తలేదు. డొరీన్ సూదులు గుచ్చి ట్యూబులు పట్టుకోగానే, ఐడా వంకరవేళ్ల చెయ్యి వచ్చి ఆమె మణికట్టు మీద పడింది. మెత్తగానే పడింది. నొచ్చుకోవద్దని బతిమాలుతున్నట్టుగా ఉంది ఆ చెయ్యి.

"నావి కూడా అతని వైపే పెట్టు, తల్లీ," అంది ఐడా. "ఏమీ అనుకోకు."

డొరీన్ ఏమీ అనుకోలేదన్నట్టు తల ఊపింది. ట్యూబులు వర్జిల్ వైపు తిప్పి, టేపు వేసి, ఊడకుండా గట్టిగా ఒత్తింది. ఎనిమిదో కుర్చీలో ఉన్నాయన అప్పటికే తన చెయ్యి అటు తిప్పి పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు.